బడిలో ఆటల పీరియడ్‌కు భయపడినవారు సైకిలును ఇష్టపడడం ఎలా: మొదటి 3 నెలలకు ఒక దారి

"బడిలో ఏ ఆటలోనూ లేను, జట్లు పంచుకునేటప్పుడు ఎప్పుడూ చివరికి మిగిలేది నేనే, ఇంటర్లో హాస్టల్ గది, క్లాసు గది తప్ప మైదానం ముఖమే చూడలేదు, ఇప్పుడు ఈ వయసులో సైకిలు నాకు అలవాటవుతుందా?" అన్న ప్రశ్న పాఠకుల నుంచి పదే పదే వస్తోంది. అడిగేవారిలో ఇంజినీరింగ్ విద్యార్థులున్నారు, పిల్లల్ని బడికి పంపాక గంటసేపు తీరిక దొరికే తల్లులున్నారు, రోజంతా కుర్చీలో కూర్చునే ఉద్యోగులున్నారు. అందరికీ విడివిడిగా జవాబు రాసే బదులు అంతా ఒకేచోట రాస్తున్నాను.

తప్పకుండా అలవాటవుతుంది. సైకిలు మీద ఒంటి బరువును సీటు, హ్యాండిల్, పెడళ్లు మోస్తాయి కాబట్టి పరుగులో పడ్డట్టు మోకాళ్ల మీద దెబ్బ పడదు. బంతిని పట్టే నేర్పు, గురిచూసి విసిరే నేర్పు అక్కర్లేదు. ఎంత మెల్లగా వెళ్లాలో నిర్ణయించుకునేది మీరే. అయితే ఆటల్లో వెనకబడిన అనుభవం ఉన్నవారు సైకిలెక్కగానే తెలియకుండానే తమను తాము మళ్లీ పరీక్షకు పెట్టుకుంటారు. పక్కన వెళ్తున్నవారితో పోల్చుకుంటారు, గడియారం చూసుకుంటారు, రొప్పు వచ్చేదాకా తొక్కితేనే వ్యాయామం అనుకుంటారు, వారం తిరక్కుండానే మానేస్తారు. కింద చెప్పిన మెట్లన్నీ ఆ పరీక్షను పక్కన పెట్టించి, దాని స్థానంలో వెళ్లాలనిపించే ఒక చోటును పెట్టడానికి ఉద్దేశించినవే.

ముందుగా ఒక హెచ్చరిక. గుండెజబ్బు, అదుపులో లేని రక్తపోటు, ఉబ్బసం, మోకాలి శస్త్రచికిత్స వంటివి ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి. ఇన్సులిన్ గానీ, చక్కెరను తగ్గించే మాత్రలు గానీ వాడుతున్నవారు ఏ వేళ, ఏం తిని తొక్కాలో కూడా కనుక్కుని, జేబులో గ్లూకోజు పొడి గానీ చక్కెర గానీ ఉంచుకోవాలి.

కావలసినవి

సైకిలు: కొత్తదే కావాలన్న నియమం లేదు. చుట్టాల ఇంట్లో మూలన పడి ఉన్నదైనా, ఓవర్‌హాలింగ్ చేయించిన సెకండ్ హ్యాండుదైనా మొదటి 3 నెలలకు సరిపోతుంది, కొలత మీకు సరిపడితే చాలు. కొలత చూడడానికి సైకిలుకు ఇరుపక్కలా కాళ్లు వేసి, మీరు రోజూ తొక్కబోయే చెప్పులతోనో బూట్లతోనో నేల మీద నిలబడండి. అడ్డకడ్డీకీ మీకూ మధ్య కనీసం 3 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. కొత్తది కొనదలచుకుంటే ఒక విషయంలో జాగ్రత్తపడండి. తక్కువ ధరకు ముందూ వెనకా సస్పెన్షన్‌తో, లావుపాటి ముళ్ల టైర్లతో వచ్చే సైకిళ్లు చూడడానికి దిట్టంగా ఉంటాయి గానీ బరువెక్కువ, పైగా తొక్కిన ప్రతిసారీ స్ప్రింగులు కిందికీ పైకీ ఊగి మీ బలంలో కొంత తినేస్తాయి. కొత్తవారు "నావల్ల కావడం లేదు" అనుకునే సందర్భాల్లో చాలాసార్లు తప్పు సైకిలుదే. పెద్దగా గాట్లు లేని టైర్లు, స్ప్రింగులు లేని ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు కాళ్ల కడ్డీ) ఉన్న హైబ్రిడ్ సైకిలు, అంటే రోడ్డు సైకిలుకూ కొండదారి సైకిలుకూ మధ్యరకం, మన రోడ్లకు నయం. గోదావరి, కృష్ణా డెల్టా కాలువ గట్ల మీద తొక్కేవారికి గేర్లు లేని మామూలు సైకిలు చాలు. హైదరాబాదు, విశాఖపట్నం వంటి ఎత్తుపల్లాల ఊళ్లలో మాత్రం గేర్లు నిజంగా అవసరం.

హెల్మెట్: లోపలి చీటీ మీద ఈఎన్ 1078 (EN 1078) అని గానీ సీపీఎస్‌సీ (CPSC) అని గానీ ఉన్నదాన్ని తీసుకోండి, అవి సైకిల్ హెల్మెట్ల భద్రతా ప్రమాణాల గుర్తులు. కనుబొమల పైన రెండు వేళ్ల దూరంలో అడ్డంగా కూర్చోవాలి, నుదురంతా బయటపడేలా వెనక్కి వాలకూడదు. గడ్డం కింద పట్టీలో ఒక వేలు దూరేంత సందు చాలు.

మిగిలినవి: గాలి ఎంతుందో చూపించే పంపు, బెల్లు, ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, నీళ్ల సీసా, ప్యాంటు అంచు చైనులో పడకుండా కట్టుకోవడానికి ఒక పట్టీ. చున్నీ వేసుకునేవారు దాన్ని నడుముకు గట్టిగా ముడి వేసుకోవాలి. చీరతో తొక్కేవారికి చైనును పూర్తిగా మూసే కవరు, వెనక చక్రానికి జాలీ ఉన్న సైకిలు తప్ప మరొకటి వద్దు.

ఒంటికి అతుక్కునే ప్రత్యేక దుస్తులు, పెడల్‌కు బిగించుకునే బూట్లు, వేగం చూపించే మీటరు ఇప్పుడు కొనకండి. ముఖ్యంగా వేగాన్ని, దూరాన్ని లెక్కగట్టి ఇతరులతో పోల్చే ఫోను యాప్‌ను మొదటి 6 వారాలు పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. ఆటల పీరియడ్‌లో మిమ్మల్ని కుంగదీసిన మార్కుల పట్టికను మీ చేతులతో మీరే మళ్లీ తెచ్చుకోవడం అవుతుంది.

మెట్టు 1: సైకిలును తొక్కదగిన స్థితికి తేవడం

పాత సైకిలైతే షాపుకు తీసుకెళ్లి సర్వీసింగ్ చేయించండి, కానీ పని ఎలా జరిగిందో మీరే చూసుకోండి. చక్రాన్ని నేల నుంచి లేపి తిప్పి, బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు మీద కళ్లు పెట్టండి. సందు అంతటా ఒకేలా ఉంటే చక్రం తిన్నగా ఉన్నట్టు. ఒకచోట రబ్బరు రాసుకుని, మరోచోట దూరం జరుగుతుంటే చక్రం బెండు తిరిగింది, స్పోకులు బిగించి బెండు తీయించాలి. తిరుగుతున్న చక్రం నెమ్మదిగా, తనంతట తాను ఆగాలి. గబుక్కున ఆగిపోతే ఏదో రాసుకుంటోంది, మీరు ఎంత తొక్కినా ఆ రాపిడితోనే సరిపోతుంది.

బ్రేకు పిడిని గట్టిగా నొక్కినా అది హ్యాండిల్‌ను తాకకూడదు. ఏ చేతి బ్రేకు ముందు చక్రానిదో, ఏది వెనకదో నిలబడి ఉండగానే నొక్కి తెలుసుకోండి. చైనును పాతగుడ్డతో తుడిచి, లంకెకు ఒక బొట్టు చొప్పున సైకిల్ నూనె వేసి, పెడల్‌ను వెనక్కి తిప్పుతూ, పైకి తేలిన నూనెను మళ్లీ తుడిచేయాలి. నూనె కారేటంత వేస్తే దుమ్ము పట్టి నల్లటి ముద్ద అవుతుంది. వాడేసిన ఇంజిన్ ఆయిల్, కొబ్బరినూనె వద్దు.

మెట్టు 2: సీటు ఎత్తు

ఈ ఒక్క మెట్టు సరిగ్గా చేస్తే సగం బాధలు తగ్గుతాయి కాబట్టి దీనికి అరగంట కేటాయించండి. సైకిలును గోడ పక్కన నిలబెట్టి, ఒక చేత్తో గోడ పట్టుకుని సీటు మీద ఎక్కి కూర్చోండి. ఒక పెడల్‌ను అట్టడుగుకు తెచ్చి, దాని మీద మడమ ఆనించండి. అప్పుడు మోకాలు పూర్తిగా చాచుకోవాలి, అయినా నడుము ఆ వైపుకు ఒరగకూడదు. అదే ఎత్తులో పాదం ముందు భాగాన్ని పెడల్ మీద పెడితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది; తొక్కడానికి కావలసిన వంపు అదే. సీటు పైభాగం నేలకు సమాంతరంగా ఉండాలి. సీటు గొట్టం మీద ఇంతకు మించి పైకి లాగవద్దని ఒక గీత ఉంటుంది, అది బయటికి కనిపించేలా ఎత్తకండి.

ఇలా పెట్టిన సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనవు, వేళ్లు మాత్రమే అందుతాయి. కొత్తవారు ఇక్కడే భయపడి సీటును దించేసి, మోకాళ్లు ఛాతీ దాకా వచ్చేలా తొక్కి, నాలుగు రోజుల్లో మోకాలి నొప్పి తెచ్చుకుంటారు. భయంగా ఉంటే మొదటి రోజు 3 సెంటీమీటర్లు తగ్గించి, బయల్దేరిన ప్రతిసారీ ఒక్కో సెంటీమీటరు చొప్పున పెంచండి. ఆగేటప్పుడు సీటు మీదే కూర్చుని కాలు చాపకుండా, బ్రేకు వేస్తూ సీటు ముందుకు దిగి, అడ్డకడ్డీకి ఇరువైపులా నిలబడడం అలవాటు చేసుకుంటే ఎత్తు సీటు భయం పోతుంది. ఖాళీ స్థలంలో పదిసార్లు ఎక్కి దిగితే వచ్చేస్తుంది.

మెట్టు 3: గాలి

గాలి తక్కువైతే సైకిలు బరువెక్కి, రోడ్డును పట్టుకుని ఈడ్చుకెళ్తున్నట్టు ఉంటుంది. మరీ ఎక్కువైతే ప్రతి గులకరాయీ వెన్నులో తగులుతుంది. టైరు పక్క గోడ మీద కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అన్నది పీఎస్‌ఐ (PSI) అనే గాలి ఒత్తిడి కొలతలో అచ్చువేసి ఉంటుంది. ఆ రెండింటికీ మధ్యలో మొదలుపెట్టి, బరువెక్కువ ఉన్నవారు కాస్త పెంచుకోవాలి. మీ బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది కనుక దానికి ముందు చక్రం కంటే కొంచెం ఎక్కువ కొట్టండి. వారానికి ఒకసారి చూసుకోండి, ఎందుకంటే పంక్చరు లేకపోయినా ట్యూబులోంచి గాలి మెల్లగా తగ్గుతూనే ఉంటుంది. పెట్రోలు బంకులో కొట్టించేటప్పుడు దగ్గరుండి చూడండి. కార్ల కోసం పెట్టిన ఆ గాలి సైకిల్ ట్యూబులోకి క్షణంలో ఎక్కేస్తుంది.

మెట్టు 4: అసలు తొక్కడమే రానివారికి

తొక్కడం వచ్చినవారు ఈ మెట్టు దాటేయవచ్చు. రానివారు సిగ్గుపడనక్కర్లేదు, పెద్దవారు చాలామంది రెండు మూడు ఉదయాల్లో నేర్చుకోగలరు. వెనక నుంచి ఎవరో సీటు పట్టుకుని పరుగెత్తే పద్ధతి వద్దు, పట్టుకున్న చెయ్యి వదిలితే పడిపోతామన్న భయమే దానివల్ల మిగులుతుంది.

దానికి బదులు రెండు పెడళ్లూ విప్పించండి. మీరే విప్పితే గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, ఎడమ పెడల్ మర ఉల్టాగా ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితేనే అది ఊడుతుంది. సీటును రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేంత దించండి. గుంతలు లేని, కొద్దిపాటి వాలున్న ఖాళీ స్థలంలో, సీటు మీద కూర్చుని కాళ్లతో నేలను తోసుకుంటూ వెళ్లండి. మొదట నడిచినట్టు ఉంటుంది, తర్వాత అడుగులు సాగుతాయి, ఆ తర్వాత రెండు కాళ్లూ ఎత్తినా సైకిలు కొన్ని క్షణాలు నిలుస్తుంది. చూపు ముందు చక్రం మీద కాకుండా పది మీటర్ల అవతల ఉండాలి. కాళ్లెత్తి 10 సెకన్లు నిలవగలిగితే, బ్రేకు వేసి ఆగగలిగితే, పెడళ్లు తిరిగి బిగించుకోండి. తర్వాత సీటును మెట్టు 2లో చెప్పిన ఎత్తుకు నాలుగైదు రోజుల్లో తీసుకురండి.

మెట్టు 5: చోటు, వేళ

మొదటి నెల బండ్ల మధ్య తొక్కకండి. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో మొదలైన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఒక పాయ, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు మరో పాయ వెళ్తాయి. పైన సౌర పలకల కప్పు ఉండడం వల్ల ఎండ నేరుగా నెత్తిన పడదు. ఊరికి అటువైపు ఉన్నవారికి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం లోపలి రోడ్లు తెల్లవారుజామున బాగుంటాయి. విశాఖలో బీచ్ రోడ్డు మీద వేకువనే నడిచేవారు, తొక్కేవారు ఎక్కువ, బండ్లు తక్కువ. మిగతా ఊళ్లలో డిగ్రీ కాలేజీ మైదానం, కొత్తగా వేసి ఇంకా ఇళ్లు రాని లేఔట్ రోడ్లు, కాలువ గట్టు వెతుక్కోండి. కాలువ గట్టు మీద రద్దీ తక్కువే గానీ అంచు విరిగిన చోట్లు ఉంటాయి కాబట్టి చీకటిలో వద్దు.

మార్చి నుంచి జూన్ సగం దాకా సూర్యుడు పైకి రాకముందే బయల్దేరి ఏడున్నరకల్లా ఇల్లు చేరాలి. వానాకాలంలో నీళ్లు నిలిచిన గుంటలోకి వెళ్లకండి, దాని లోతు పైకి తెలియదు. రోడ్డు మీద గీసిన తెల్లగీతలు, మ్యాన్‌హోల్ మూతలు తడిసినప్పుడు బాగా జారతాయి, వాటి మీద మలుపు తిరగడం గానీ బ్రేకు వేయడం గానీ చేయవద్దు. సముద్రతీరంలో, ఖాళీ పొలాల మధ్య గాలి బలంగా ఉన్నరోజు ముందు గాలికి ఎదురుగా వెళ్లి, అలసిపోయాక గాలివాటున తిరిగి రండి.

వీధికుక్కల సంగతి చాలామంది అడుగుతారు. కుక్క వెంటబడినప్పుడు వేగం పెంచితే అదీ పెంచుతుంది. తొక్కడం ఆపి, సైకిలు దిగి, సైకిలును మీకూ కుక్కకూ మధ్య అడ్డంగా ఉంచి, గట్టిగా అదిలిస్తూ పది అడుగులు నడిస్తే చాలావరకు అవి వెనక్కి తగ్గుతాయి. కరిస్తే మాత్రం వెంటనే సబ్బుతో పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదేరోజు ఆస్పత్రికి వెళ్లండి.

మెట్టు 6: మొదటి 2 వారాలు

వారానికి 3 రోజులు, రోజు విడిచి రోజు, 20 నిమిషాలు మాత్రమే తొక్కండి. ఇంకా తొక్కాలనిపించినా ఆపేయండి, ఆ మిగిలిన ఆశే మరుసటిసారి మిమ్మల్ని బయటికి తెస్తుంది.

వేగం కొలవడానికి యంత్రం అక్కర్లేదు. బడిలో కంఠస్థం చేసిన ఆటవెలది పద్యం ఒకటి తొక్కుతూ పైకి చదవండి. ఒక్కో పాదం మధ్యలో తెగకుండా, పాదం చివర మాత్రమే ఊపిరి తీసుకుంటూ నాలుగు పాదాలూ పూర్తిచేయగలిగితే మీ వేగం సరైనది. మాట మధ్యలో ఊపిరి అందక ఆగితే వేగం తగ్గించాలి. ఎత్తు వచ్చినప్పుడు పద్యం తెగిపోవడం మామూలే. అప్పుడు దిగి నడిపించుకుంటూ వెళ్లండి. దిగి నడవడం ఓడిపోవడమని మనకు ఎవరూ చెప్పకపోయినా మనసులో నాటుకుపోయి ఉంటుంది, దాన్ని మొదటి వారంలోనే పెరికేయాలి.

రెండో కొలత కాళ్ల తిరుగుడు. కుడి మోకాలు 15 సెకన్లలో ఎన్నిసార్లు పైకి వచ్చిందో లెక్కపెట్టండి. 15 నుంచి 20 మధ్య ఉంటే బాగుంది. పది పన్నెండే ఉంటే పెడల్‌ను బలంగా, మెల్లగా నొక్కుతున్నారన్నమాట. ఆటలు ఆడని తొడకండరాలు ఆ బలవంతానికి త్వరగా అలసిపోతాయి, మోకాలు కూడా నొస్తుంది. తేలికైన గేరులో చకచకా తిప్పితే ఊపిరి కొంచెం పెరుగుతుంది గానీ కాళ్లు నిలబడతాయి.

బయల్దేరే ముందు ఒక అరటిపండు, సగం గ్లాసు నీళ్లు చాలు. కడుపునిండా తిని రెండు గంటలు గడవకుండా తొక్కకండి. తిరిగి వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ మంచిది.

మెట్టు 7: గేర్లు

ముందు 3, వెనక 7 పళ్ల చక్రాలు ఉన్న సైకిలు చూసి 21 గేర్లు ఎలా నేర్చుకోవాలని కంగారుపడకండి. ముందుదాన్ని 2 మీద పెట్టి మొదటి నెలంతా అక్కడే ఉంచండి, వెనకవాటినే మార్చుకోండి. సైకిలు బరువనిపిస్తే అంకె తగ్గించాలి, కాళ్లు ఊరికే తిరుగుతుంటే పెంచాలి. ఎత్తు మొదలయ్యాక కాదు, మొదలవడానికి ముందే మార్చాలి. మార్చే క్షణంలో కాళ్లు తిరుగుతూ ఉండాలి గానీ గట్టిగా నొక్కకూడదు. నొక్కుతూ మారిస్తే చైను కటకటమని అరిచి, ఒక్కోసారి ఊడిపోతుంది. ముందు 1 తో వెనక 7, ముందు 3 తో వెనక 1 కలపవద్దు, చైను అడ్డంగా సాగి త్వరగా అరిగిపోతుంది.

మెట్టు 8: వెళ్లడానికి ఒక చోటు పెట్టుకోవడం

ఇష్టం మొదలయ్యేది ఇక్కడే. మైదానం చుట్టూ తిరుగుతున్నంతకాలం ఇది ఆటల పీరియడ్ లాగే ఉంటుంది. మూడో వారం నుంచి, తిరిగి రావడంతో కలిపి 5 నుంచి 8 కిలోమీటర్లయ్యే ఒక గమ్యాన్ని ఎంచుకోండి. పెసరట్టు బాగా వేసే హోటల్, రైతుబజారు, ఊరి చెరువు కట్ట, గ్రంథాలయం, అమ్మమ్మగారిల్లు, పక్క ఊరి గుడి, వారపు సంత, ఏదైనా సరే, అక్కడికి వెళ్లాలని మీకు నిజంగా ఉండాలి. సైకిలు మీద వెళ్లినప్పుడే దొరికేది ఏదైనా అక్కడ ఉంటే మరీ మంచిది. రైతుబజారుకు కారులో వెళ్తే బండి పెట్టే చోటు కోసం తిరగాలి, సైకిలును గేటు పక్కనే నిలబెట్టవచ్చు.

గమ్యం పెట్టుకున్నాక మీ దృష్టి ఒంటి మీద నుంచి దారి మీదకు మళ్లుతుంది. బండిలో వెళ్లినప్పుడు ఒకే గోడలా కనిపించే వీధి విడివిడిగా తెలుస్తుంది. ఇడ్లీ పాత్ర మూత తీసినప్పటి ఆవిరి వాసన ఏ మలుపు దగ్గర మొదలవుతుందో, ఏ చెట్టు కింద గాలి చల్లబడుతుందో, ఏ కల్వర్టు దగ్గర రోడ్డు మీకు తెలియకుండానే పైకి లేస్తుందో కాళ్లకు గుర్తుంటుంది. వంతెన ఎక్కి, అవతలివైపు పెడల్ ఆపేసి, వెనక చక్రం టికటికమని పాడుతుండగా గాలిలో కిందికి జారుతున్నప్పుడు, ఆటలు రాని ఒళ్లు అని మీరు ఇన్నాళ్లూ నమ్మిన ఒళ్లే ఇంత దూరం తెచ్చిందన్న ఆనందం కలుగుతుంది. ఆ ఆనందాన్ని ఎవరూ నేర్పలేరు, అది కలిగేలా దారిని ఏర్పాటు చేసుకోవడమే మన పని.

తోడు ఉంటే బాగుంటుంది, అయితే తోడుగా వచ్చేవారు మీకంటే మెల్లగా వెళ్లేవారో, మీ కోసం ఆగగలిగినవారో అయి ఉండాలి. ఊళ్లలోని సైకిల్ బృందాలతో ఆదివారం పెద్ద సవారీకి మొదటి నెలలోనే వెళ్లకండి. వారు మంచివారే అయినా, వెనక ఒంటరిగా మిగిలిన మనిషికి బడి మైదానమే గుర్తొస్తుంది. 25 కిలోమీటర్లు హాయిగా తొక్కగలిగాక వెళ్తే ఆ బృందాలే మీకు కొత్త దారులు చూపిస్తాయి.

మెట్టు 9: పెంచుకుంటూ పోవడం

3, 4 వారాలు: ఒక్కోసారి 30 నిమిషాలు, వారానికి 3 సార్లు.
5, 6 వారాలు: రెండు రోజులు 30 నిమిషాల చొప్పున, సెలవు రోజున 50 నిమిషాలు.
7 నుంచి 9 వారాలు: రెండు రోజులు 40 నిమిషాలు, సెలవు రోజున మధ్యలో టిఫిను కోసం ఆగుతూ 15 కిలోమీటర్లు.
10 నుంచి 12 వారాలు: సెలవు రోజు దూరాన్ని వారానికి 3 కిలోమీటర్ల కంటే ఎక్కువ పెంచకుండా 25 దగ్గరకు చేరండి.

ఏ వారమైనా బరువనిపిస్తే అదే వారాన్ని మళ్లీ చేయండి, పట్టికలో ముందుకు వెళ్లాలన్న తొందర అక్కర్లేదు. గంట దాటే సవారీకి అరలీటరు నీళ్లు, ఎండాకాలంలో అంతకంటే ఎక్కువ కావాలి. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగండి. ఇల్లు దాటి 5 కిలోమీటర్లు వెళ్లేవారు ఒక కొత్త ట్యూబు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ పుల్లలు, చిన్న పంపు వెంట ఉంచుకోవాలి, ఇంటి దగ్గర ఒకసారి ట్యూబు మార్చి చూసుకుని మరీ వెళ్లాలి.

రోడ్డు మీదికి వచ్చాక ఎడమపక్కనే వెళ్లాలి, అయితే మరీ అంచున కాదు. అంచున ఇసుక, గాజుపెంకులు పేరుకుని ఉంటాయి, పైగా వెనక వచ్చేవారు మీరు లేరన్నట్టే దాటేస్తారు. ఆగి ఉన్న కార్లకు ఒక మీటరు దూరం ఉంచండి, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. మలుపు తిరిగే ముందు వెనక్కి చూసి చెయ్యి చాపండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పూర్తిగా నిషిద్ధం.

తరచు జరిగే పొరపాట్లు, నొప్పులు, వాటి సవరణ

మోకాలి ముందు భాగం నొస్తుంటే సీటు తక్కువగా ఉండి ఉంటుంది, లేదా బరువు గేరులో తొక్కుతున్నారు. అర సెంటీమీటరు పెంచి, రెండు సవారీలు చూసి, అవసరమైతే మళ్లీ పెంచండి. మోకాలి వెనక లాగుతుంటే సీటు ఎక్కువైంది. సీటు మీద కూర్చున్న నడుము తొక్కేటప్పుడు కుడిఎడమలకు ఊగుతుందేమో వెనక నుంచి ఎవరినైనా చూడమనండి, ఊగితే అదీ ఎక్కువ ఎత్తుకు గుర్తే.

కూర్చునేచోటు నొప్పి మొదటి రెండు వారాలు చాలామందికి ఉంటుంది, తర్వాత తగ్గుతుంది. మెత్తటి లావు సీటు కవరు వేస్తే తగ్గుతుందనుకుంటారు గానీ అది గంట దాటాక ఒరుసుకుని బాధ పెంచుతుంది. తగ్గకపోతే ప్యాడ్ ఉన్న సైకిల్ నిక్కరు కొనండి, దాని కింద లోదుస్తు వేసుకోకూడదు. తిమ్మిరి పడితే మాత్రం ఓర్చుకోవద్దు, సీటు ముక్కు పైకి లేచి ఉందేమో చూసి సమం చేయండి.

అరచేతులు తిమ్మిరెక్కడానికి సాధారణ కారణాలు సీటు ముక్కు కిందికి వాలి ఉండడం, మోచేతులు బిగపట్టడం. మోచేతులను కొద్దిగా వంచి, చేతుల స్థానం అప్పుడప్పుడూ మారుస్తూ ఉండండి. మెడ నొప్పి ఉంటే హ్యాండిల్ మరీ దూరంగానో, కిందగానో ఉంది; షాపులో పైకి లేపించుకోవచ్చు.

వాలులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కడం ప్రమాదకరం. రెండూ కలిపి, మలుపుకు ముందే వేగం తగ్గేలా నొక్కి, మలుపులో బ్రేకు వదలండి. ఛాతీలో పట్టేసినట్టు ఉండడం, తల తిరగడం, చెమటలు పట్టి చలి వేయడం కనిపిస్తే అక్కడే ఆగి, నీడలో కూర్చుని, ఎవరినైనా పిలవండి. ఛాతీ నొప్పి అయితే 108కి ఫోను చేయండి.

ఫలితం చూసుకోవడం ఎలా

బరువు తూచుకోకండి. మూడు నెలల్లో కాటా మీద అంకె పెద్దగా మారకపోవచ్చు, దాన్నే చూస్తే నిరుత్సాహం కలుగుతుంది. దానికి బదులు నాలుగు వారాలకోసారి ఈ సంగతులు చూడండి. మొదటి వారం తొక్కిన దారిలోనే, అదే వేళలో వెళ్లి పద్యం చదవండి. అప్పుడు తెగిన ఎత్తు మీద ఇప్పుడు ఎంతవరకు సాగుతోందో గమనించండి. దిగి నడిచిన వంతెనను ఇప్పుడు ఎంతవరకు ఎక్కగలుగుతున్నారో ఏదో ఒక కరెంటు స్తంభాన్ని గుర్తు పెట్టుకుని చూడండి. సవారీ మరుసటి ఉదయం మెట్లు దిగేటప్పుడు తొడలు పట్టేస్తున్నాయా, మామూలుగా ఉన్నాయా? అన్నిటికంటే నమ్మదగిన కొలత ఏమిటంటే, దగ్గరి పనికి వెళ్లవలసి వచ్చినప్పుడు ఎవరూ చెప్పకుండానే మీ చెయ్యి బండి తాళం దగ్గరకు వెళ్తోందా, సైకిలు తాళం దగ్గరకు వెళ్తోందా అన్నది. ఆరో వారం గడిచినా ఇది జరగకపోతే దూరం పెంచకండి, గమ్యం మార్చండి. చాలామందికి తప్పు అక్కడే దొరుకుతుంది.

పరీక్షలు, జ్వరం, వానలు, పెళ్లిళ్ల వల్ల మధ్యలో ఆగిపోవడం ఎవరికైనా తప్పదు. వారం ఆగితే ఆపినచోటు నుంచే మొదలుపెట్టవచ్చు. నెల ఆగితే ఆగేముందు తొక్కిన సమయంలో సగంతో మొదలుపెట్టి, రెండు వారాల్లో పాత స్థాయికి రండి. జ్వరం వచ్చి తగ్గినవారు మాత్రలు వేసుకోకుండా కనీసం మూడు నాలుగు రోజులు మామూలుగా తిరగగలిగాకే ఎక్కాలి. ఎంతకాలం ఆగినా ఎక్కేముందు గాలి, బ్రేకులు, చైను చూడండి, ఎందుకంటే మూలన నిలబడిన సైకిలుకు మనకంటే ముందు టైర్లు మెత్తబడతాయి.